నాకు ఇచ్చింది ఉత్త నువ్వుల నూనె

నా పేరు నర్సవ్వ. చందుర్తి పక్క ఊరు. వయసు డెబ్బై దాటింది. ఆధార్ కార్డు ఒక లెక్క చెబుతుంది, నా నడుము ఇంకో లెక్క చెబుతుంది. ఇంట్లో నేను, సిరిసిల్లలో సాంచెల మీద, అంటే కరెంటు మగ్గాల మీద, బట్ట నేసే నా కొడుకు, బీడీలు చేసే నా కోడలు సుజాత ఉంటాం. నాకు చదువు రాదు. నేను చెబుతుంటే సుజాత రాస్తోంది. నేను అననిది ఒక్క ముక్క రాసినా ఊరుకోనని ముందే చెప్పాను.

కోరుట్ల ఆయుర్వేదం సారు పోయారు. బీడీలు అప్పజెప్పడానికి పోయిన సుజాత ఆ కబురు తెచ్చింది. గడపలోనే నిలబడి, "అత్తా, మన నూనె సారు గుండె ఆగి పోయిండట" అంది. నేను బీడీ ఆకు కత్తిరిస్తున్నాను. కత్తెర కింద పెట్టి, మళ్లీ తీసుకుని, మళ్లీ పెట్టాను. కడుపునిండా ఏడ్వడానికి కూడా తీరిక దొరకలేదు. ఎందుకంటే, దినాలైనా కాకముందే ఆయన మేనల్లుడు కారేసుకుని మా వాకిట్లోకి వచ్చాడు.

జగిత్యాలలో అతనికి మందుల దుకాణం ఉంది. చేతిలో ఒక నూనె సీసా. దాని మీద ఒకవైపు సారు ఫొటో, ఇంకోవైపు నా ఫొటో! అందులో చేతికర్ర లేకుండా ఆస్పత్రి మెట్లెక్కుతున్నాను.

"ఆదివారం జగిత్యాలల సంతాప సభ ఉన్నదవ్వా. గా సభల గీ సీసా విడుదల జేస్తున్నం. నువ్వు కర్ర లేకుండ స్టేజి మీదికి నడిచి రావాలె, గంతే."

సీసా మీది రాతను సుజాత చదివి వినిపించింది. పరిశోధనలో రుజువైన నూనె అట. ఇది రాస్తే మోకాలికి ఆపరేషన్ అక్కర్లేదట.

"సారు పేరు నిలబెడుతున్నమవ్వా" అన్నాడు.

"నిలబెడుతున్నవా కొడుకా, నిలువున అమ్ముతున్నవా?"

అతని ముఖం మాడింది. "మా అత్తమ్మనే ఒప్పుకున్నది. నడుమ నీదేంది?" అన్నాడు. అత్తమ్మ అంటే సారు భార్య.

నడుమ నాదేమిటో చెబుతాను, వినండి.

పెళ్లయిన నాటి నుంచి ఒళ్లో చాట పెట్టుకుని, బీడీలు చుడుతూ మఠం వేసుకుని కూర్చున్న మోకాళ్లు నావి. సారు తన నూనెను పరీక్ష చేస్తున్నారని, బీడీలు చేసే ఆడవాళ్లను రమ్మంటున్నారని తెలిసి కోరుట్ల పోయాను. ఆయనతో పాటు జగిత్యాల ఎముకల డాక్టరు కూడా ఉన్నారు. ఇద్దరూ ఒకే బల్ల దగ్గర కూర్చోవడం చూసి నాకు వింతగా అనిపించింది. సారు మాత్రం మమ్మల్ని కుర్చీలో కూర్చోనివ్వలేదు. తనూ మాతో నేల మీదే కూర్చుని, "లేవుండ్రి, చూస్త" అనేవారు. "కుర్చీల కూసున్న మోకాలు అబద్ధం చెప్తదవ్వా. నేల మీదికెంచి లేసేటప్పుడే దాని గుట్టు బయటపడేది."

ఏమేం మందులు మింగుతున్నావని అడిగారు. ఏమీ లేవన్నాను. ఎముకల డాక్టరు ముందు చూర్ణం దాచడం, ఆయుర్వేదం సారు ముందు బీపీ గోలీ దాచడం మా ఊళ్లో అందరం చేసేదే. ఒకరికి ఒకరి పొడ గిట్టదని మా భయం. సారు నా కొంగు ముడి వైపు చూసి నవ్వారు. "ఇప్పు. నా దగ్గర దాచకు, గా డాక్టరు దగ్గర దాచకు. రెండు మందులు కడుపుల కొట్లాడుకుంటే దెబ్బలు నీకే." ముడి విప్పాక గోలీలన్నీ ఏరి ఎముకల డాక్టరుకు చూపించారు. ఆయన ఒకటి ఆపమంటే సారు సరేనన్నారు.

ఆ తర్వాత చీటీలు తీశారు. కొందరికి మందు నూనె, కొందరికి ఉత్త నువ్వుల నూనె. సీసాలన్నీ ఒక్కటే తీరు. నాకేది వచ్చిందని అడిగితే, "నాకూ ఎరుకలేదు" అన్నారు.

"ఏం మందో తెల్వకుండ మందిచ్చే వైద్యుణ్ని నిన్నే చూసిన సారూ" అన్నాను.

పగలబడి నవ్వారు. కళ్లద్దాలు జారి కింద పడ్డాయి. "తెలిస్తే నా కన్ను నీ మోకాలిని ముద్దుగ చూస్తది. గందుకే కండ్లకు గంతలు కట్టుకున్న."

పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి సుజాత నా మోకాళ్లకు నూనె రాసి మర్దన చేసింది. పోను పోను నొప్పి తగ్గింది. కర్ర మూలకు పడేశాను. సారు నూనె అమృతమని బస్సులో పక్కన కూర్చున్నవాళ్లకు కూడా చెప్పాను. పరీక్ష చివరి రోజున మెట్లెక్కుతుంటే ఫొటో తీసింది కూడా ఈ మేనల్లుడే.

కొన్నాళ్లకు సారు వెతుక్కుంటూ మా ఇంటికే వచ్చారు. చాప మీద కూర్చుని చెప్పారు. "నర్సవ్వా, నీకొచ్చింది ఉత్త నువ్వుల నూనె."

నాకు ఒళ్లు మండింది. "అయితే నా నొప్పి తగ్గింది అబద్ధమా?"

"తగ్గింది నిజం. నా మందు తగ్గించిందనుడు అబద్ధం. మందు నూనె రాసుకున్నోళ్లకు గూడ గంతే తగ్గింది. ఎక్కువ లేదు, తక్కువ లేదు. మీ కోడలు చెయ్యి పనిచేసింది."

సుజాత తల వంచుకుని నవ్వుకుంది. ఇప్పుడు రాస్తూ కూడా నవ్వుతోంది. నేను మాత్రం సారు ముఖం చూస్తున్నాను. ఆ నూనె ఆయన నాయన కాచింది. చిన్నప్పుడు పొయ్యి దగ్గర కూర్చుని ఆయనే కలిపేవారట. నీ ఓటమి నువ్వే ఊరూరా తిరిగి చెప్పుకోవాలా సారూ అని అడిగాను. "పరీక్షకు పంపని పిల్లకు ఫస్టు మార్కులొచ్చినయంటే ఎట్లవ్వా? పంపిన. తప్పింది. ఇంకో మందును పంపుత" అన్నారు. మా ఇంట్లో జొన్నరొట్టె తిని పోయారు. తన నూనె ఉత్త నూనె కంటే ఎక్కువేమీ కాదని ఆయనే రాసి పెద్ద డాక్టర్లకు పంపారు. ఆయన గొప్పతనం నాకు తెలిసింది ఆ నూనెలో కాదు, ఆ మాటలో.

అట్లాంటి మనిషి ఫొటోకు తోడు, ఉత్త నూనె రాసుకున్న నా ఫొటో!

మేనల్లుడు పోయాక మా పక్కింటి బుచ్చవ్వ వచ్చింది. ఆమె మోకాలికి ఆపరేషన్ తప్పదని ఎముకల డాక్టరు చెప్పి ఉన్నారు. కారు దగ్గరే ఒక సీసా అడిగి తీసుకున్నదట. "ఆపరేషన్ ఒద్దంట నర్సక్కా. నీ ఫొటోనే ఉన్నది గదనే."

జరిగిందంతా చెప్పాను. నమ్మలేదు. "సీసా మీది అచ్చు అబద్ధమాడుతదా?"

అప్పుడు నాకు గుబులు పుట్టింది. ఒక్క బుచ్చవ్వను ఆపడానికి నా గొంతు చాల్లేదు. ఆదివారం తర్వాత జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లలో ఎంతమంది బుచ్చవ్వలు నా ఫొటో చూసి ఆస్పత్రి మానుకుంటారు? మర్నాడు పొద్దున్నే బస్సెక్కి కోరుట్ల పోయాను.

సారు రోగులను చూసే గదిలో నూనె డబ్బాలు నిలువెత్తు పేర్చి ఉన్నాయి. ఆయన భార్య వాటి మధ్యే కూర్చుని ఉంది. పోట్లాడదామనే పోయాను. "ఎందుకు ఒప్పుకున్నవమ్మా? గీ నూనె తప్పిందని నీకు ఎరుక లేదా?"

"ఎరుకనే అవ్వా. తప్పిందని తెలిసిననాడు ఆయన బువ్వ తినలే. నాకు జెప్పకపోతే ఎవలకు జెప్తడు?"

"మరి?"

ఆమె ఒక సీసా మూత తీసి, అరచేతిలో కొంచెం నూనె పోసుకుని, ముఖం దగ్గరికి తెచ్చుకుంది. "ఆయన చేతులు గిట్లనే వాసనొచ్చేటియి" అంది.

నా నోరు పెద్దదని ఊరంతా అంటారు. ఆ రోజు పోట్లాడకుండా ఆమె పక్కనే నేల మీద కూర్చుని బుచ్చవ్వ సంగతి చెప్పాను, సభలో నిజం చెబుతానన్నాను. ఆమే దారి చెప్పింది. "ఉత్త నోటి మాటైతే ముసల్దానికి మతి లేదంటరు. కాయితం మీద పెట్టి వేలిముద్ర వెయ్యి. ఆదివారం సభల నేనే చదువుత. బుచ్చవ్వను గూడ తీసుకరా."

"నువ్వు ఒప్పుకున్నది గూడ రాయిస్తనమ్మా" అన్నాను.

"రాయించు. దాచకుండ చదువుత."

నేను లేచాను. ఆమె కూడా లేచింది. అరచేతిలోని నూనె ఒలకకుండా వేళ్లు దగ్గరికి ముడిచి పట్టుకుని, రెండో చేత్తో తలుపు తీసి నన్ను సాగనంపింది.

ఇది నేను చెప్పింది చెప్పినట్టే ఉందని తిరిగి చదివించుకుని విన్నాను. నా నిశాని, ఎడమచేతి బొటనవేలు: నర్సవ్వ.

చూసిన సాక్షులు: పక్కింటి బుచ్చవ్వ, వేలిముద్ర. కోడలు సుజాత, రాసినది కూడా తనే, సంతకం.