సారు కొలిచిన గ్రహణం చల్లదనం

మా పక్కింటి సైన్సు సారు పోయిన్రు. పదిహేను రోజులైంది. పొద్దుగాల గోడ అవతలి నుంచి సారు భార్య, అమ్మగారి కేక ఇనబడ్డది. మేం ఉరికేసరికే ఆయన లేరు. నేను రాసెటోన్ని గాదు, మా ఊర్ల ఐదో తరగతి దాక చదివిన. ఒక్క ముచ్చట మాత్రం చెప్పాలె.

సారుది కోస్తా, నాది నల్గొండ దిక్కు. పట్నంల గడ్డిఅన్నారం గల్లీల ఇరవై ఏండ్లు గోడకు గోడ ఉన్నం. పండ్ల మార్కెట్ల మూటలు మోసిన నన్ను గూడ సారు ‘మీరు’ అనేటోళ్లు. నాకు సిగ్గయ్యేది.

కరోనా యేడు పట్టపగలు సూర్యగ్రహణం పట్టింది. గల్లీ అంత తలుపులు మూసుకుంటే, సారు డాబా మీద నీడపట్టున థర్మామీటరు వేలాడదీసి నన్ను పిలిచిన్రు.

"ఆకాశం చూడకండి. గాలి ఎంత చల్లబడుతుందో చూద్దాం. కొలిస్తే భయం సగం పోతుందండీ."

"ముసలితనాన గా చదువేంది నీకు?" అని మా ఇంటామె తిట్టుకుంటనే నా జేబుల తడి గరిక పెట్టింది. తొక్కు జాడీ మీద, బిందె మీద అప్పటికే పెట్టింది.

సారు పది నిమిషాలకోసారి గీతలు చదివి నోటుబుక్కుల రాసుకుంటున్నరు. ఎండ పలచబడ్డది. బీపీ గోలీ వేసుకోను సారు కిందికి దిగిన్రు. నాకు గుబులైంది. గంత పానంగ చూసుకునే వస్తువు, గ్రహణం తగిలి ఖరాబైతే? గరిక తీసి థర్మామీటరు కింది గుండుకు చుట్టిన. మెట్ల మీద చప్పుడు కాంగనే పీకి జేబుల వేసుకున్న.

"నాలుగు డిగ్రీలు తగ్గిందండీ!" సారు చిన్నపిల్లగాని లెక్క ఎగిరిన్రు. పాత శిష్యులకు ఫోన్లు చేసిన్రు.

రెండు రోజులు బువ్వ సయించలే. మూడో రోజు పోయి గరిక ముచ్చట చెప్పిన. ఇగ నా మొహం చూడరనుకున్న.

సారు నోటుబుక్కు తెరిచి ఆ అంకె మీద వేలు పెట్టిన్రు. "తడి ఆరేటప్పుడు చల్లబడుతుందండీ, కుండలో నీళ్లలాగా. గ్రహణానికి ఒకటో రెండో తగ్గుతుంది. మిగతాది మీ గరిక పుణ్యం." అంకె కొట్టేసిన్రు. "సరే, మీకు చలేసిందా లేదా?"

"ఏసింది సార్. చేతి మీద వెంట్రుకలు లేచినయ్."

నవ్వి, అదే రాసిన్రు. శిష్యులకు మళ్లీ ఫోన్లు చేసి, "తప్పు నాదేరా, నేను కిందికి దిగకుండా ఉండాల్సింది" అన్నరు. నా మాటే ఎత్తలే.

దినాలు అయినంక అమ్మగారు ఆ నోటుబుక్కు నా చేతిల పెట్టింది. "మీకే ఇవ్వమన్నారు అన్నయ్యగారూ."

వచ్చే గ్రహణానికని సారు చివరి పేజీల స్కేలుతోని గడులు గీసిపెట్టిన్రు. టైముకొకటి, గాలి వేడికొకటి. అన్నీ ఖాళీ. పైన మాత్రం, సారు చేతిరాతతోని ఒక్క వరుస ఉన్నది.

గీతలు చదివేవారు: పక్కింటాయన.