అంకె వేయని చెక్కు

శుక్రవారం భోజనాలయ్యాక మావారు ఒక బ్యాంకు ఏజెంటును ఇంటికి పిలిచారు. క్రెడిట్ కార్డు ఇప్పిస్తాడట. ఈ గల్ఫ్ ఊళ్ళో, ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ అనే పేటలో ఒక విల్లాను అడ్డగోడలతో విడదీస్తే వచ్చిన రెండు గదులు మావి. పాపను ఒళ్ళో పెట్టుకుని నేనూ కూర్చున్నాను. ఏజెంటు కరీంనగర్ మనిషి, నవ్వుమొహం.

"మొదటి ఏడాది ఫీజు లేదు వదినా. ఆరు నెల్లు వడ్డీ గూడ లేదు."

కాగితాలు అందుకుని వెనక పేజీ నుంచి చదవడం మొదలుపెట్టాను. ఒక్క నెల కట్టకపోతే ఆ రాయితీలన్నీ పోతాయని అక్కడ చీమల్లాంటి అక్షరాల్లో ఉంది.

"అన్నా, వదిన వకీలు లెక్క సదువుతున్నది! ఇగ నాకు కమీషన్ వచ్చినట్టే."

మావారు నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

చివర్లో అతను ఒక చెక్కు అడిగాడు. సంతకం చాలట. అంకె, తారీఖు వేయొద్దట.

"అంకె వేయకుండా ఎలా ఇస్తామండీ?"

"గది ఉత్త సెక్యూరిటీ వదినా. ఫైల్ల పడి ఉంటది. ఈడ అందరిస్తరు."

నిజమే, అందరూ ఇస్తారు. మా గోడ అవతలాయనా ఇచ్చాడు. ఉద్యోగం పోయి బాకీ ఆగిపోయాక బ్యాంకు ఆ చెక్కు మీద అంకె వేసుకుని, అది చెల్లలేదని పోలీసు కేసు పెట్టింది. ఇక్కడ కేసున్నవాళ్ళని దేశం దాటనివ్వరు. ఆ సంగతి ఆయనకు ఎయిర్‌పోర్టులో, పాస్‌పోర్టు చూసే కౌంటరు దగ్గర తెలిసింది. భార్యాపిల్లలు విమానం ఎక్కారు. ఆయన సూట్‌కేసు ఈడ్చుకుంటూ వెనక్కి వచ్చాడు. ఇప్పుడు గోడ అవతల నుంచి ఆయన దగ్గు ఒక్కటే వినిపిస్తుంది.

మావారి కంపెనీలోనూ మూడు నెలలుగా మనుషుల్ని తీసేస్తున్నారు. వచ్చే గురువారం పాప అన్నప్రాసనకు ముగ్గురం రాజమండ్రి బయల్దేరాలి.

"మనకొద్దండీ," అన్నాను. కాసేపు వాదించి మావారు సరేనన్నారు. "మంచిదన్నా, మళ్ళ వస్త," అంటూ ఏజెంటు చెప్పులేసుకున్నాడు.

హమ్మయ్య అనుకుని, బయటికి తీసిన చెక్కు బుక్కు బీరువాలో పెట్టబోతూ తెరిచాను. చెక్కు చించాక మిగిలే ముక్క మీద ఎవరికిచ్చామో, ఎంతో ప్రతిసారీ నేనే రాస్తాను. ఒక ముక్క మీద ఏమీ లేదు. దాని చెక్కూ లేదు.

"ఇది ఎవరికిచ్చారు?"

ఆయన పాప పాదాలు నిమిరారు. "నీ కాన్పుకు ముందు ఆఫీసుకి ఇంకో బ్యాంకతను వచ్చాడు. హాస్పిటల్ ఖర్చుకని అతనికి ఆ చెక్కిచ్చి కార్డు తీసుకున్నా. నువ్వు కంగారుపడతావని చెప్పలేదు."

"కడుతున్నారా?"

"కడుతూనే ఉన్నాలే."

"పోయిన నెల?"

ఆయన గోడ వైపు చూశారు.

ఇవాళ బట్టలు సర్దాను. ఎప్పుడూ ముగ్గురివీ ఒకే పెట్టెలో సర్దుతాను. ఈసారి పాపవీ నావీ ఒకదాంట్లో, ఆయనవి వేరేదాంట్లో పెట్టాను. ఆ రెండో పెట్టె మంచం కింద నుంచి ఆయనే లాగి ఇచ్చారు.