సామ చెప్పిన జవాబు

పాటలీపుత్రంలో పరదేశులు దిగే సత్రానికి ఉగ్గసేనుడు అధికారి. వచ్చినవాళ్లకి పడక, తిండి ఏర్పాటు చేయడం, జబ్బుపడితే వైద్యం చేయించడం, వాళ్ల సంగతులు నగరాధికారులకు విన్నవించడం ఆయన పని. అందులో సగం సామ చేతుల మీదే నడిచేది. కరువొచ్చిన ఏడు ఆమె తండ్రి బియ్యం తీసుకుని ఆమెను ఉగ్గసేనుడి ఇంటికి అమ్ముకున్నాడు. అప్పటికింకా పాలపళ్లు ఊడలేదు. ఇప్పుడు తల నెరుస్తోంది.

ఆ వానాకాలం యవన దూత వెంట వచ్చిన లేఖకుడు లైకోన్‌కి చలిజ్వరం తగిలింది. కుర్రవాడు. సామ పక్కనే కూర్చుని గంజి తాగించేది. కాస్త తేరుకోగానే అతను ప్రశ్నలు మొదలుపెట్టాడు.

"మీ రాజుకి ఆడవాళ్లు కాపలా అట, నిజమా?"

"నిజమే నాయనా. ముందు గంజి తాగు."

"పక్కన యుద్ధం జరుగుతున్నా రైతు దున్నుకుంటాడట?"

"దున్నకపోతే సైనికులేం తింటారు? నోరు తెరు."

అతను నవ్వాడు. కాసేపాగి, "మా దేశంలో నీలాంటివాళ్లని కొంటారు. నిన్నూ కొన్నారా?" అన్నాడు.

సామ గిన్నె కింద పెట్టింది. "కొనడమేంటి నాయనా! నేనీ ఇంటి మనిషిని."

"అయితే మీ దేశంలో దాసీలు లేరన్నమాట!" సంబరంగా రాసుకున్నాడతను.

సామ వంటింట్లోకి వచ్చి కూలబడింది. కళ్లు తుడుచుకుంటుంటే ఉగ్గసేనుడి భార్య సులస చూసింది.

"ఏమైందే? ఆ యవనుడేమైనా అన్నాడా?"

"లేదమ్మా. నేనే అబద్ధమాడాను," అంటూ జరిగింది చెప్పింది సామ.

సులస సాయంత్రం భర్తకి వడ్డిస్తూ ఆ సంగతి ఎత్తింది. "పరదేశికి మనింట్లోంచి తప్పు జవాబు వెళ్లింది."

ఉగ్గసేనుడు కంగారుపడ్డాడు. "అయితే దిద్దాలి కదా!"

"దిద్దాలి. జవాబుని కాదు."



మర్నాడు పొద్దున్నే సామ నీళ్లకుండ భుజాన పెట్టుకుని వస్తుంటే ఉగ్గసేనుడు ఎదురెళ్లి, ఆ కుండ అందుకుని నేలకేసి కొట్టాడు.

సామ హడలిపోయింది. "నేనేం తప్పు చేశాను అయ్యగారూ?"

దాస్యం తీసేసే ఆచారం ప్రకారం ఆయన పేలాలు, పూలు కలిపిన నీళ్లు ఆమె తలమీద చల్లి, "ఇకనుంచి ఈమె దాసి కాదు" అని ముమ్మారు పలికాడు. సులస తన కొంగుతో ఆమె తల తుడిచింది.

"ఎప్పుడో చెయ్యాల్సిన పనే. మాకే తోచలేదు," అంది.

లైకోన్‌కి సామ ఇదేదీ చెప్పలేదు. అతను కోలుకుని దూతతో వెళ్లిపోయాడు. ఆమె అదే సత్రంలో జీతానికి కుదిరి, ముసలితనం మీదపడేదాకా ఎందరో పరదేశులకు సేవ చేసింది. కుండ పగిలిన ఆ పొద్దున మాత్రం ఎవరినీ అడక్కుండా గంగ ఒడ్డుకు వెళ్లి, తడిజుట్టు ఆరేదాకా ఎండలో కూర్చుంది.