ఒడిబియ్యం దగ్గర మ్యూట్ అయిన వీడియో

మా చెల్లి పెళ్లి వీడియోలో అన్నీ వినిపిస్తాయి. మంత్రాలు, పిల్లల ఏడుపులు, కూర అందలేదని ఓ బాబాయి సణుగుడు కూడా. ఒడిబియ్యం దగ్గరికి వచ్చేసరికి మాత్రం మాట పడిపోతుంది. కాజీపేట నుంచి వచ్చిన అమ్మమ్మ, పుట్టింటి లాంఛనంగా మా అమ్మ ఒడిలో బియ్యం పోస్తూ ఉంటుంది. అమ్మ ఏదో అంటుంది. అమ్మమ్మ వంగి అమ్మ చెవిలో ఏదో చెబుతుంది. అమ్మ తల ఊపుతుంది. చప్పుడు ఉండదు.

ఆ రోజు కూడా అమ్మకు వినపడలేదు. పక్కనే డీజే. సినిమా పాట చెవులు పగిలేలా మోగుతుంటే, తర్వాత అడగొచ్చులే అని ఊరికే తల ఊపిందట. పెళ్లయిన కొన్నాళ్లకే అమ్మమ్మ పోయింది. చివరిసారి ఒడి నింపుతూ తన తల్లి ఏం చెప్పిందోనని అమ్మకు అప్పటినుంచీ ఒకటే దిగులు.

పెళ్లిని లైవ్ పెట్టిన ఫొటోగ్రాఫర్‌ను అడిగాను. పాటకు కాపీరైట్ పడిందని, వీడియోల సైట్ ఆ ముక్కను మ్యూట్ చేసిందని చెప్పాడు. వేరే కాపీ అతని దగ్గర లేదు. నెట్‌లో ఉంది కదా అని మేమూ పెన్‌డ్రైవ్‌లో తీసుకోలేదు, అందరం తెలివిగలవాళ్లమే. నాకు ఒళ్లు మండింది. మా ఇంటి పెళ్లిలో మా అమ్మమ్మ మాటకు ఎవరో కంపెనీవాళ్లు తాళం వేయడమేమిటి?

కోపం వస్తే కూపీ లాగడం నా జబ్బు. మా వీధిలోని వకీలును పట్టుకున్నాను. పెళ్లి వేడుకలో పాటలు మోగించుకోవడానికి మన చట్టం ఎప్పుడో మినహాయింపు ఇచ్చిందట. అదే పెళ్లిని ఇంటర్నెట్‌లో పెడితే ఆ మినహాయింపు అక్కడిదాకా వస్తుందా అన్నది మాత్రం తేలని తగువట. పందిరి కోసం రాసిన మాటను ఫోనుకు ఎలా సరిపెట్టాలో ఇంకా చూస్తున్నారన్నమాట. ఈలోగా తీర్పు చెప్పేది జడ్జి కాదు, యంత్రం. దానికి పెళ్లికీ దుకాణానికీ తేడా తెలియదు. అయినా అంత జనం గోలలో ఆ పాటను అదెలా పోల్చుకుందోనని, నిజం చెప్పొద్దూ, అబ్బురపడ్డాను.

అభ్యంతరం పెట్టొచ్చు గాని, ఓడిపోతే తన ఛానల్‌కే ముప్పని ఫొటోగ్రాఫర్ భయపడ్డాడు. కొత్తగా ఇంకో దారి వచ్చిందన్నాడు: సైట్ దగ్గరే ఉన్న అసలు వీడియోలోంచి పాటను మాత్రం చెరిపేసి మనుషుల మాటలు ఉంచే పద్ధతి. ఒక్కోసారి మాటలూ పోతాయట. అమ్మను అడిగాను.

"ఇప్పుడైతే ఏం ఇనవడ్తాంది బిడ్డా? చెయ్యుమను" అంది.

చేశాడు. అమ్మ ఫోను చెవికి ఆనించుకుంది. పాట పోయింది. బావిలోంచి వచ్చినట్టు అమ్మమ్మ గొంతు పలికింది.

"జర ఆ పాట బంద్ చెయ్యుమనరాదు బిడ్డా. నువ్వేమంటానవో నాకు ఇనవడ్తలేదు."

అంతే. దీవెన కాదు, రహస్యం కాదు. అమ్మ నవ్వబోయి ఏడ్చేసింది. ఆ రోజు అమ్మమ్మను నువ్వేమడిగావమ్మా అన్నాను.

అమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది.

"తిన్నవా అవ్వా అని అడిగిన. ఆమె తిన్నదో లేదో నాకు ఇప్పటికీ ఎర్క లేదు."