ఏడున్నర సెకన్లు

ఆ బండి గురించి ఎవరైనా అడిగితే ముందు లెక్కలే చెబుతాను. ఎనిమిది సిలిండర్లు, ఐదు లీటర్ల ఇంజన్, మూడు వందలకు పైగా హార్స్‌పవర్, నాలుగు గేర్ల ఆటోమేటిక్. బరువు రెండు టన్నులకు కాస్త తక్కువ. ఆగి ఉన్నచోటి నుంచి వంద కిలోమీటర్ల వేగం అందుకోవడానికి ఏడున్నర సెకన్లు. బండితో వచ్చిన పుస్తకంలో అచ్చయిన అంకెలివి. ఇన్నేళ్ల తరవాత కూడా నాకు కంఠతా వచ్చు. లెక్కలు చెబుతున్నంతసేపూ నాకు భయం వెయ్యదు. మాట ఎడమ సీటు దాకా వస్తే మాత్రం ఏదో పని ఉందని లేచిపోతాను.

తొంభైల్లో బెంగళూరు అంచున, ఫ్యాక్టరీల పేట పీణ్యలో నాకొక రేకుల షెడ్డు ఉండేది. బండ్ల కరెంటు పని, ఇంజన్ పని రెండూ చేసేవాణ్ణి. వచ్చేవన్నీ లారీలు, టెంపోలు. అలాంటి చోటికి రెండు తలుపుల విదేశీ కారు వచ్చిందంటే అది దాని యజమాని చాదస్తం. ఆయనకు హొసకోటె అవతల రాతి క్వారీలు ఉండేవి. మాలాగే తెలుగు కుటుంబం. ఏసీ గదిలో కూర్చుని కంప్యూటర్ చూసేవాడు మెకానిక్ కాదని, చేతికి మసి అంటినవాడే మెకానిక్ అని ఆయన నమ్మకం. నేను పొంగిపోయాను. దాచుకోవడమెందుకు, పీణ్యలో అలాంటి బండి బానెట్ ఎత్తింది నేనొక్కణ్ణే.

ఆ కారుకు ముందు సీటు పక్కన, మామూలు కార్లలో ముందు వెనక తలుపుల నడుమ బెల్టు తగిలించడానికి ఉండే నిలువు కమ్మీ లేదు. అందుకని సీటు బెల్టు బాగా వెనక ఉండేది, కూర్చున్నవాళ్లకు అందదు. దాన్ని అందివ్వడానికి ఒక చిన్న మోటారు చెయ్యి పెట్టారు. తలుపు వేసి తాళం తిప్పగానే ఆ చెయ్యి సీటు వెనక నుంచి మెల్లగా ముందుకు వచ్చి, బెల్టు పట్టుకుని భుజం పక్కన ఆగుతుంది. బెల్టు తీసుకుంటే సరే, లేకపోతే అర నిమిషం చూసి వెనక్కి పోతుంది. ఎడమ సీటుకు ఒక షరతు ఉంది. సీటు కింద బరువు పసిగట్టే స్విచ్ ఉంటుంది. మనిషి కూర్చుంటేనే చెయ్యి వస్తుంది. ఖాళీ సీటుకు రాదు.

ఎడమ సీటు ఆయన భార్యది. సన్నగా, పొట్టిగా ఉండేదావిడ. చెయ్యి ముందుకు వచ్చినప్పుడల్లా నవ్వేది. "ఇన్నేండ్ల కాపురంలో నా చేతికి ఏదన్నా అందిచ్చింది ఇదొక్కటే అప్పా" అని ఆయన వినేటట్టు నాతో అనేది. ఆయన మీసం కింద నవ్వుకునేవాడు.

ఒక ఏడాది ఆయుధ పూజకు ఇద్దరూ షెడ్డుకే వచ్చారు. ఆ రోజు పీణ్యలో మిషన్లు ఆగిపోతాయి. బండ్లు కడిగి, అరటి పిలకలు కట్టి, కుంకం నింపిన బూడిద గుమ్మడికాయలు పగలగొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కిస్తాం. ఆయన ఎవరితోనో మాట్లాడుతుంటే ఆవిడ నా దగ్గరికి వచ్చింది.

"ఈయన హైవే మీద గాలి మాదిరి పోతాడప్పా. నేను పానం చేతిలో పెట్టుకోని కూచుంటా. చెప్తే వినడు. నువ్వు ఏమన్నా చేసి దీని దూకుడు స్వల్ప తగ్గించు. ఆయనకు తెలీకుండా."

ఆ బండి దూకుడు ఎక్కడుందో నాకు తెలుసు. యాక్సిలరేటర్ పెడల్‌ను అడుగంటా తొక్కితే, దాని కింద ఉన్న చిన్న స్విచ్ నొక్కుకుంటుంది. గేరు దానంతటదే కిందికి పడి, బండి ఒక్కసారిగా లంఘిస్తుంది. అడుగు దాకా పోనివ్వకపోతే బండి పోతూనే ఉంటుంది కానీ లంఘించదు. రెండు వేళ్ల మందం టేకు ముక్క ఒకటి కోశాను. ఆవిడ దానికి పసుపు కుంకం పెట్టి, ఎర్ర గుడ్డ చుట్టి, కళ్లకద్దుకుని ఇచ్చింది. పెడల్ కింద కార్పెట్ లేపి, ఆ ముక్కను రెండు స్క్రూలతో బిగించి, మళ్లీ కార్పెట్ కప్పేశాను. నా తెలివికి నేనే మురిసిపోయాను. అటు పూజా అయింది, ఇటు పనీ అయింది అనుకున్నాను. తరవాత నిమ్మకాయలు తొక్కించాం. ఆవిడ నాకు గుడ్డలో మూటగట్టిన బొరుగులు, బెల్లం ఇచ్చి వెళ్లింది.

క్వారీ పనుల్లో పడి ఆయన తరవాత ఆ బండిని పెద్దగా బయటికి తియ్యలేదు. మరుసటి వేసవిలో ఆవిడ పోయిందని తెలిసింది. గుండెపోటు అన్నారు. నేను వెళ్లి పలకరించి వచ్చాను.

మూడు నెలల తరవాత ఒక పొద్దున షెడ్డుకు వచ్చాడు, ఆటోలో. చేతిలో బండి పుస్తకం ఉంది. అంకెలున్న పేజీ తెరిచి నా ముందు పెట్టాడు.

"ఏడున్నర అని రాసిండాది. మన బండి ఎంతలో పోతాదో కొలిచి చెప్పప్పా."

ఎందుకని అడిగాను. అప్పుడు చెప్పాడు. ఆవిడ పోయిన రోజు ఇద్దరూ హొసకోటె దగ్గర తోటలో ఉన్నారు. పొద్దున ఆవిడకు నొప్పి వస్తే, తనే బండిలో వేసుకుని పాత మద్రాసు రోడ్డు మీద బెంగళూరుకు బయలుదేరాడు. కృష్ణరాజపురం రైల్వే గేటుకు కొంచెం ముందర ఒక లారీ అడ్డం ఉంది. ఎదర రోడ్డు ఖాళీ.

"ఆ లారీని దాటితే గేటు దాటినట్టే. తొక్కినాను. బండి దూకలేదు. లారీ పాయె, గేటు పడె. గూడ్సు రైలు. అది పొయ్యేలోపల ఆమె అయిపాయె." ఆయన పుస్తకం మూశాడు. "అడుగంటా తొక్కినానో, భయానికి కాలు ఆపుకున్నానో నాకే తెల్దప్పా. దినామూ అదే యోచన. బండి పుస్తకంలో ఉన్నట్టు పోకుంటే తప్పు బండిది. పోతే తప్పు నాది. అంతే కదా?"

ఎర్ర గుడ్డ కళ్ల ముందు మెదిలింది. తప్పు బండిదీ కాదు, ఆయనదీ కాదు.

ఆదివారం పొద్దున, ఎండ పూర్తిగా రాకముందే యలహంక దాటి దొడ్డబళ్లాపురం రోడ్డుకు వెళ్లాం. ఆ రోజుల్లో అక్కడ రోడ్డు తిన్నగా, ఖాళీగా ఉండేది. ఎడమ తలుపు తియ్యబోతే ఆయన వారించాడు. "ముందర వద్దప్పా. ఎనక కూచో." తన సీటే ముందుకు వంచి పట్టుకున్నాడు. నేను స్టాప్ వాచ్ పట్టుకుని, ఒళ్లు ముడుచుకుని వెనక్కి దూరాను.

ఆయన కూర్చుని తలుపు వేసి తాళం తిప్పాడు. ఎడమ సీటు వెనక మోటారు సన్నగా మూలిగింది. చెయ్యి ముందుకు వచ్చి, ఎవరూ లేని సీటు పక్కన బెల్టు పట్టుకుని ఆగింది. ఆయన గేరు వెయ్యలేదు. ఓపిగ్గా అటే చూస్తూ కూర్చున్నాడు, చీర సర్దుకునే మనిషి కోసం ఆగినట్టు. అర నిమిషానికి చెయ్యి వెనక్కి పోయింది. అప్పుడు గేరు వేశాడు.

"సార్, ఆ స్విచ్ పాడైనట్టుంది" అన్నాను.

"దినామూ ఇంటికాడ షెడ్డులో బండెక్కి సుమ్నే, ఊరికే కూచుంటా. దినామూ వస్తాది. దాని జోలికి పోవద్దప్పా."

మూడు సార్లు పరుగు తీయించాం. మూడు సార్లూ పదకొండు సెకన్లు. నేను వాచ్ కంటే ఆయన కాలినే ఎక్కువ చూశాను. పిక్క బిగుసుకునేలా తొక్కాడు. అంతకు మించి తొక్కడానికి చోటు లేదు. పదకొండు అనగానే ఆయన స్టీరింగ్ మీద తల ఆనించాడు. తల ఎత్తినప్పుడు ఆ ముఖంలో మూడు నెలల బరువు కాస్త దిగినట్టు కనిపించింది.

"ఎందుకు పోలేదో కనుక్కో అప్పా" అని బండి నా దగ్గరే వదిలి వెళ్లాడు.

మర్నాడు మధ్యాహ్నం షెడ్డు తలుపు దగ్గరికి వేసి పనికి దిగాను. ముందు ఎడమ సీటు చూశాను. స్విచ్ బాగుంది. వైర్లు పొడిగా, శుభ్రంగా ఉన్నాయి. స్విచ్ వైరు ఊడబీకి, డ్రైవరు సీటులో కూర్చుని, అది నా ఒళ్లో పెట్టుకునే తాళం తిప్పాను. చెయ్యి వచ్చింది. నా పక్కనే, ఖాళీ సీటుకు బెల్టు పట్టుకుని ఆగింది. బయట పీణ్య అంతా మిషన్ల రొద, రేకుల మీద మండే ఎండ. వైరు మళ్లీ తగిలించి ఆ సీటు వైపు చూడకుండా పని చేసుకున్నాను.

కార్పెట్ లేపి టేకు ముక్క విప్పాను. పసుపు వాసన ఇంకా పోలేదు. గుడ్డ విప్పి చూస్తే చెక్క పైభాగంలో పెడల్ అంచు దిగిన గాడి ఉంది. టేకు అంత లోతుగా నొక్కుకోవాలంటే మామూలు తొక్కుడు చాలదు. నిన్నటి మూడు పరుగుల్లో పడ్డ గీతలు పక్కన పలచగా ఉన్నాయి. ఈ గాడి పాతది. ఆయన ఆ రోజు తొక్కాడు. ప్రాణం పెట్టి తొక్కాడు. అందుకు సాక్ష్యం నా చేతిలో ఉంది.

ఆ ముక్క తీసుకెళ్లి ఆయన ముందు పెడితే సరిపోయేది. నేను పెట్టలేదు. నా షెడ్డు, నా పేరు, నా పిల్లలు, అన్నీ ఒక్కసారే గుర్తొచ్చాయి. ఆవిడే అడిగింది కదా అని నాకు నేను చెప్పుకున్నాను. చనిపోయినావిడ మీదికి నెట్టబోతున్నానని తెలిసినా చెప్పుకున్నాను. టేకు ముక్కను పనిముట్ల పెట్టె అడుగున దాచేశాను.

మరుసటి ఆదివారం అదే రోడ్డు. మళ్లీ వెనక సీటులో నేను, మళ్లీ ఖాళీ సీటుకు బెల్టు అందించిన చెయ్యి, మళ్లీ ఆయన ఓపిక. బండి లంఘించింది. నా తల వెనక్కి కొట్టుకుంది. వాచ్ ఏడున్నర చూపించింది.

"మొన్న ఎందుకు పోలేదప్పా?"

"మూడు నెలలు కదలక పెట్రోలు పాడయింది సార్. అది పారబోసి కొత్తది పోసినాను. బండిలో ఏ లోపమూ లేదు."

"అంటే ఆ పొద్దు బాగనే ఉండింది."

"బాగనే ఉండింది సార్."

ఆయన ఇంజన్ ఆపాడు. యలహంక వైమానిక స్థావరం నుంచి లేచిన చిన్న విమానమొకటి మా మీదుగా పోయింది.

"అయితే నేనే తొక్కలేదు" అన్నాడు. గొంతులో కోపం లేదు, ఏడుపు లేదు. తీర్పు విని తల ఊపినట్టు ఊపాడు. అప్పుడైనా చెప్పి ఉండాల్సింది.

కాసేపటికి ఆయన దిగి నన్ను బయటికి రమ్మన్నాడు. "ముందర కూచో అప్పా. ఇంక ఎనక కూచునే పని లేదు. షెడ్డు కాడ దింపుతా."

వద్దనడానికి కారణం దొరకలేదు. తిరిగి వెళ్లి ఎడమ తలుపు తీసి కూర్చున్నాను. అప్పట్లో నా బరువు డెబ్బై కిలోలకు పైనే. తలుపు వేశాను. ఆయన తాళం తిప్పాడు. ఆయన వైపు మోటారు మూలిగింది, ఆయన బెల్టు ఆయనకు అందింది. నా వెనక ఏ చప్పుడూ లేదు. ఎదురు చూశాం. ఆయన తాళం ఆపి మళ్లీ తిప్పాడు. ఎదురు చూశాం. చెయ్యి రాలేదు.

నా అబద్ధం ఆవిడకు తెలుసని నాకు అర్థమైంది. గుడ్డ చుట్టి ఇచ్చింది ఆవిడ, దాచింది నేను.

ఆయన మాత్రం నా వైపు చూడలేదు. నేను కూర్చున్న సీటులోకి, నా లోంచి దాటి చూస్తున్నట్టు చూశాడు.

"విన్నట్టుండాది" అన్నాడు మెల్లగా. "నేను తొక్కలేదని విన్నట్టుండాది. ఇంక రాదప్పా ఆమె."

నేను వెనక్కి తిరిగి, ఒంటి చేత్తో తడుముకుని, బెల్టు నేనే లాక్కుని పెట్టుకున్నాను. ఆయన గేరు వేశాడు.