గంగారాం మేస్త్రీ కట్టిన దారం

కొండగట్టు అంజన్న మీద ఒట్టేసి చెబుతున్నాను, ఇందులో ప్రతి అక్షరమూ నిజం. నన్నెరిగినవాళ్లు ఈ మాటకు నవ్వుకుంటారని తెలుసు. కానీ అంజన్న మీద ఒట్టు నేను ఊరికే పెట్టను. ఊరికే పెట్టేదైతే పక్కూరి దేవుణ్ణి వాడుకుంటాను.

మా పక్క స్థలంలో ఇల్లు లేస్తోంది. ఇవాళ పొద్దున అక్కడి మేస్త్రీ గోడ ఈ మూల నుంచి ఆ మూలకు దారం కట్టి, బిగిసిందో లేదో చూడటానికి వేలితో ఒకసారి మీటాడు. టుంగుమంది. నా చేతిలో చాయ్ గ్లాసు నోటి దాకా రాకుండానే ఆగిపోయింది. ఆ చప్పుడు వింటే అందరికీ గోడ గుర్తుకొస్తుందేమో. నాకు మాత్రం ఫుట్‌బాల్ గుర్తుకొస్తుంది, మస్కట్ గుర్తుకొస్తుంది, గంగారాం మేస్త్రీ గుర్తుకొస్తాడు.

డెబ్బైల చివర్లో, మస్కట్‌కు దూరంగా కొండల నడుమ ఉన్న నిజ్వా ఊళ్లో ఒక కంపెనీ సైట్‌లో ఆయన గ్యాంగులో గోడలు కట్టేవాణ్ణి. ఆయన జగిత్యాల దిక్కు మనిషి. పొట్టివాడే గానీ మీసం మాత్రం ఇద్దరికి సరిపోయేది. ఒంటెను ఒంటిచేత్తో ఎత్తానని చెప్పేవాడు. “ఒంటెపిల్లనా మేస్త్రీ?” అని అడిగితే, “కాదురా మల్లిగా, పెద్ద ఒంటెనే. నేను పిల్లగాన్ని అప్పుడు” అనేవాడు. జగిత్యాలలో ఒంటె ఎక్కడిదని అడిగే ధైర్యం మాలో ఎవరికీ లేకపోయింది. ఇన్ని కోతలు కోసే మనిషి దారం దగ్గరికొచ్చేసరికి మారిపోయేవాడు. “ఇటుకను దారానికి ముట్టనియ్యకుంట పెట్టాలె. ముట్టిందనుకో, దారం వంగుతది. దారం వంగితే దాని ఎంబడి గోడంత వంగుతది” అనేవాడు. ముట్టినవాడి వేళ్ల మీద తాపీ కాడ పడేది. నా వేళ్లు దానికి సాక్ష్యం.

హైదరాబాదు నుంచి ఒక జట్టు మస్కట్‌కు ఆడటానికి వస్తోందని తెలిసిన రోజు మా రూమ్‌లో ఎవరికీ అన్నం సయించలేదు. బతిమాలి బతిమాలి కంపెనీ లారీ సంపాదించాం. శుక్రవారం పొద్దున్నే డప్పు, కొబ్బరికాయ, కర్పూరం వేసుకుని, కొండల మధ్య దుమ్ము తింటూ, గొంతులు పోయేలా అరుస్తూ బయలుదేరాం.

గేటు దగ్గర పోలీసులు మాకోసమే కాచుకుని ఉన్నారు. అంతకుముందు ఏదో ఆటలో బయటినుంచి వచ్చినవాళ్లు మైదానంలోకి ఉరికి రభస చేశారట. అందుకని పరదేశీ ప్రేక్షకులను వేరే వరసలో నిలబెట్టి సోదా చేస్తున్నారు. డప్పు పుల్లలు తీసేసుకున్నారు. ఎత్తుగా, గంభీరంగా ఉన్న బలూచీ హవల్దారు కొబ్బరికాయను చేతిలో ఆడిస్తూ హిందీలో అడిగాడు.

“ఇదెందుకు?”

“పగలగొట్టడానికి సాబ్” అన్నాను నేను.

“ఎవరి తల మీద?”

దేవుడికని చెప్పేలోపే ఆయన తేల్చేశాడు. “మైదానానికి కంచె లేదు, నా దగ్గర మనుషులు లేరు. మీలో ఒక్కడు గీత దాటినా అందరూ లారీ ఎక్కాలి. ఆట సగంలో ఉన్నా సరే.”

గోలు పడితే కాళ్లు ఆగుతాయా? గంగారాం మేస్త్రీ మాత్రం మీసం దువ్వి, జేబులోంచి రెండు మేకులు గుచ్చిన దారపు ఉండ తీశాడు. పండగ రోజు కూడా ఆయన జేబులో అది ఉండేది. “సాబ్, నా మంది నీ లాఠీకి ఆగరు. దీనికి ఆగుతరు” అన్నాడు, ఆయనకొచ్చిన హిందీలో. మా ముందు ఒక మేకు ఈ కొసకు, ఒక మేకు ఆ కొసకు. కొట్టడానికి రాయి వెతుకుతుంటే హవల్దారే కొబ్బరికాయ అందించాడు. రెండో మేకుకు కాయ భళ్లున పగిలింది. అట్లా మొక్కూ తీరింది, హవల్దారు చేతికి ఒక చిప్పా దక్కింది.

“మల్లిగా, ముందుగాల దాటేది నువ్వే. నా పక్కకు రా” అని నన్ను తన పక్కనే నిలబెట్టుకుని, దారం మీటాడు. టుంగ్. అంతే, సైట్‌లో ఉన్నట్టే అందరి చేతులూ వెనక్కి పోయాయి.

ఆ ఆట ఎలా చెప్పను? బంతి మా ముక్కుల ముందు నుంచి పోతోంది. తక్కిన మూడు వైపులా జనం తోసుకుని లోపలికి వస్తుంటే పోలీసులు తరుముతున్నారు. మా వైపు మాత్రం ఎగురుతున్నాం, ఊగుతున్నాం, పక్కవాడి మెడ పట్టుకుని అరుస్తున్నాం, దారం మాత్రం కదలదు. హవల్దారు ఆట చూడటం మానేసి మా కాళ్లనే చూస్తున్నాడు.

అప్పుడు పడింది గోలు. మా హైదరాబాదు కుర్రాడు ఎక్కడినుంచో గాల్లోకి లేచి తలతో కొట్టాడు. నేను దాటలేదు. అంజన్న సాక్షిగా నా కాలు ఇంచు కదలలేదు. దాటింది గంగారాం మేస్త్రీ. ఒక్క దూకు దూకి, మైదానంలోకి ఉరికాడు.

హవల్దారు లాఠీ చంకన పెట్టుకుని మెల్లగా నడిచి వచ్చాడు. లారీ ఎక్కమంటాడని డప్పు సర్దుకుంటున్నాం. ఆయన వంగి మేకు పీకాడు. తీసుకెళ్లి మేస్త్రీ అవతల పాతాడు. రెండోది కూడా. దారం వేలితో మీటి చూసి, “గీత ఇక్కడుంది. ఎవరూ దాటలేదు” అన్నాడు.

ఇందులో ఏది కల్పించానో చెప్పి ముగిస్తాను. హవల్దారు మేకులు జరపడమే మీరు నమ్మి ఉండరు. అది నిజం. అబద్ధమల్లా గోలు. మనవాళ్లు ఆ రోజు ఒక్కటీ కొట్టలేదు, చిత్తుగా ఓడిపోయారు. మస్కట్ జట్టు కుర్రాడొకడు బంతి వెంట పరుగెత్తుకొచ్చి మా ముందే కంకర మీద పడ్డాడు, నుదురు చీరుకుపోయింది. మేస్త్రీ దారం దాటింది వాడికోసం. తలరుమాలు విప్పి కట్టు కడుతూ, మా సంగతే మరిచిపోయాడు.

తిరుగు లారీలో ఆయనే అన్నాడు. “డ్యూటీకి పోయి రానోళ్లు రూమ్ల అడుగుతరు. అవతలోని కోసం దాటిన అంటే నన్ను బతకనియ్యరు. గోల్ పడ్డదని చెప్పున్రి.”

“మరి ఓడిపోయినం కద మేస్త్రీ?”

“ఆఖర్న ఓడినమని చెప్పు. నడుమ ఒక గోల్ పడితే నీ సొమ్మేం పోయింది?”

కథలు చెప్పడం నాకు అలా అబ్బింది. ఇప్పటికీ ప్రతి కథలో ఒక దొంగ ఇటుక పెడతాను. దారాన్ని మాత్రం ముట్టనివ్వను. ఆ గోలు సంగతంటారా, దాన్ని పక్కూరి దేవుడి మీద ఒట్టుగా తీసుకోండి.