తెల్లోళ్ల గుర్రాలకు నీళ్లు

దగ్గరికి జరిగి కూర్చోండి, చాప పెద్దదే. మా నాయన, చిన్నాయన మళ్లీ ఎట్లా కలిశారో చెబుతాను.

భాగాలు పంచుకున్న ఏడాది అది. జత ఎద్దుల్లో నాయనకొకటి, చిన్నాయనకొకటి వచ్చింది. బావి మాత్రం ఉమ్మడి. కపిల తోలాలంటే, అంటే పెద్ద తోలుసంచితో బావి నీళ్లు పైకి లాగాలంటే, రెండు ఎద్దులూ కావాలి. అన్నదమ్ములకేమో మాటల్లేవు. నీ ఎద్దునిమ్మని ఈయన అడగడు, తీసుకొమ్మని ఆయన అనడు. వాన జాడ లేదు. ఇద్దరి రాగి పైరూ పక్కపక్కనే వాడిపోతోంది. అది పోతే ఆ ఏడు సంగటికి కూడా గతి లేదు.

తప్పనిసరిగా ఏదైనా చెప్పాల్సి వస్తే ఎద్దుతో చెప్పేవాళ్లు. "ఏమిరా, గట్టు మీద ఎవరో పార మర్సిపోయినారే" అని నాయన తన ఎద్దుతో గట్టిగా అంటే, చిన్నాయన వచ్చి పార తీసుకుపోయేవాడు.

అప్పుడే పామిడిలో డేరా సినిమాకు ఇంగ్లీషు బొమ్మ వచ్చింది. పక్కింటివాళ్ల బండెక్కి అందరం పోయాం. నాయన డేరాకు ఈ చివర, చిన్నాయన ఆ చివర. మాట ఒక్కటీ అర్థం కాలేదు గానీ కథ తెలిసిపోయింది. ఇద్దరు అన్నదమ్ములు, ఒకటే ఆవుల మంద, చుట్టూ మా మిట్టల్లాంటి బీడు. గుర్రాల మీద తరుముకున్నారు, తుపాకులు పేల్చుకున్నారు. ఆఖరున తమ్ముడు తుపాకీ పారేస్తే అన్న వాటేసుకున్నాడు. జనం ఒకటే ఈలలు. మా అవ్వ ఆశగా ఈ చివర చూసింది, ఆ చివర చూసింది. కొడుకులిద్దరూ గుండ్రాళ్లలా కూర్చున్నారు.

మర్నాడు పొద్దున నాయన బావిలోంచి నాలుగు కడవలు చేది తొట్టిలో పోసి, ఎద్దుతో అన్నాడు. "తాగురా, నువ్వు నయం. ఆ సినిమాలో గుర్రాలను పొద్దస్తమానం తోలినారే గానీ, గుక్కెడు నీళ్లు పెట్టినోడు లేడు."

అవతలి గట్టు మీద చిన్నాయన తన ఎద్దు వైపు తిరిగాడు. "సరిగ్గా సూడనోళ్లు అట్లనే అంటార్లేరా. తమ్ముడు వంకలో నీళ్లు తాపినాడు."

"యాడ తాపినాడు? గుర్రం మూతి పెట్టకముందే తుపాకి పేలె!"

"తాగినంకనే పేలింది. నీకు కండ్లు కనపడలే!"

"నాకా? నువ్వు తల వంచుకుని బీడీ ముట్టించుకుంటాంటివి. నీకెట్ల కనపడె?"

"బీడీనే లేదు నా దగ్గర! ఒట్టు అన్నా!"

ఎద్దుల సంగతి ఇద్దరూ ఎప్పుడో మర్చిపోయారు. ఎదురెదురుగా నిలబడి చేతులు తిప్పుతున్నారు. ఆ 'అన్నా' చెవిన పడగానే అవ్వ చీపురుతో సహా పరుగెత్తుకొచ్చింది.

"ఏమప్పా, తెల్లోళ్ల గుర్రాలు తాగితే మనకేమి, తాగకుంటే మనకేమి? ఈడ మన రాగి ఎండి సస్తాండాది. దానికి తాపే మగోడు యాడుండాడు?"

చిన్నాయన తన ఎద్దు పగ్గం తెచ్చి నాయన చేతిలో పెట్టాడు. "మెల్లగా తోలు. నీ దాని మాదిరి మొండిది కాదు ఇది."

"నాకే చెప్తావా? దూడప్పుడు దాన్ని సాకినోడు ఎవడు?" అంటూ నాయన కాడి ఎత్తాడు.

మధ్యాహ్నానికి రెండు మళ్లలోనూ నీళ్లు పారాయి. గుర్రం తాగిందా లేదా అన్న తగువు మాత్రం వాళ్లు బతికినన్నాళ్లూ తెగలేదు.

మీ ఇంట్లో తగువంటూ ఉంటే అట్లాంటిదే ఉండాలి. మీ బావి ఊరుతూ ఉండాలి, మీ కాడికి జత తప్పకూడదు, మీ సంగటి కుండ అడుగు ఎన్నడూ కనపడకూడదు. పిల్లాజెల్లాతో చల్లగా ఉండండి.